పైలట్ పారలల్ పెన్‌తో నాలుగేళ్లు తెలుగు రాశాక

ఇది బల్లపరుపు పాళీ ఉన్న కాలిగ్రఫీ పెన్ను. మొదట 3.8 ఎంఎం వెడల్పు పాళీది కొన్నాను, ఏడాది తర్వాత 2.4ది. మామూలు ఫౌంటెన్ పెన్ పాళీకి ఉండే చీలిక దీనికి ఉండదు, రెండు పల్చటి రేకులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, ఇంకు వాటి సందులోంచి దిగుతుంది. ముంచి ముంచి రాసే పాళీలతో విసిగిపోయినవాళ్లకి ప్రాణం లేచొస్తుంది.

కాకపోతే చూసిన వీడియోలన్నీ ఇంగ్లీషు అక్షరాలకే, పాళీ అంచుని రాసే వరుసకి 45 డిగ్రీల్లో పట్టుకోమంటారు, నేనూ ఆర్నెల్లు అలాగే పట్టుకున్నా. 'ర' రాస్తే ఆ గుండ్రం పైన ఎడమ పక్క, కింద కుడి పక్క సన్నబడిపోయి పక్కకి ఒరిగిన కోడిగుడ్డులా ఉండేది, తలకట్టులో పైకి లేచే గీతైతే వెంట్రుకే. చివరికి 20 డిగ్రీలకి దించాక అక్షరం నిలబడింది. మనది తాటాకు మీద గంటంతో గీసి మసి పూసిన రాత కదా, గంటం ఎటు తిరిగినా గీత మందం దాదాపు ఒకటే, ఈ లావు సన్నాలు పాళీ తెచ్చిపెట్టేవి, కాబట్టి కోణం మనమే వెతుక్కోవాలి, పెన్నుని అని లాభం లేదు.

ఒత్తుల దగ్గర అసలు తిప్పలు. 3.8తో 'రాష్ట్రం' రాసి చూడండి, ట ఒత్తు కడుపు పూడిపోయి నల్లమచ్చ అవుతుంది. నేనిప్పుడు అక్షరం 3.8తో, ఒత్తు 2.4తో రాస్తున్నా, మరీ ఇరుకైతే పెన్ను తిప్పి పాళీ మూలతో సన్నగా లాగేస్తా. శ్రీ మాత్రం అద్భుతంగా వస్తుంది, క్రావడి (ర ఒత్తు) ఎడమ పక్క లావుగా దిగి అడుగున సన్నబడుతూ పోతుంటే చెయ్యి ఆపబుద్ధి కాదు.

ఇంకు సంగతి. నీళ్లు తగిలితే పాకుతుంది, ఆ మాట నాకు ముందే తెలుసు, అయినా చిన్నాన్న కూతురి పెళ్లి శుభలేఖలకి 150 కవర్లు దీంతోనే రాశా, పిన్ని తడి పసుపు వేళ్లతో మూలలకి బొట్లు పెడుతుంటే పది పన్నెండు శ్రీలు అలికేసుకుపోయాయి. పోనీ అని వాటర్‌ప్రూఫ్ డ్రాయింగ్ ఇంకు పోశా, అది ఇంకా పెద్ద తప్పు, రెండ్రోజుల్లో లోపల గట్టిపడింది. పెట్టెలో వచ్చే పల్చటి ప్లాస్టిక్ ముక్కని రేకుల మధ్య ఆడించి, నీళ్లు పంపు కొట్టి కొట్టి ఒక పూటంతా కూర్చుంటే బతికింది. ఇప్పుడు ఖాళీ కాట్రిడ్జ్‌లోకి (ఇంకు గొట్టంలోకి) సిరంజితో మామూలు ఫౌంటెన్ పెన్ ఇంకే ఎక్కిస్తున్నా, ఖర్చు కూడా తక్కువ.

చూసినవాళ్లంతా బాపు అక్షరాలు రాసిపెట్టమంటారు. ఆ దస్తూరీ ఈ పెన్నుతో రాదండీ, నా చేతితో అసలే రాదు. కొత్తగా కొనేవాళ్లు 2.4 తీసుకోండి, 6.0 పోస్టర్లకి తప్ప వద్దు. నోటుబుక్కు కాగితం మీద ఇంకు ఊరుతుంది, కాస్త మందం కాగితం చూసుకోండి.