పళ్ల చక్రం మార్పించిన మూడేళ్లకు మా కారు ఓడోమీటర్

మా 1998 మోడల్ కారు ఓడోమీటరు, అంటే తిరిగిన కిలోమీటర్లు చూపించే మీటరు, బాగు చేయించి మూడేళ్లు దాటింది. మీటర్లుండే బోర్డు మొత్తం మార్చేయమన్న మాట వినకపోవడం ఎంత మంచిదైందో ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ లీటర్లు, రీడింగు పుస్తకంలో రాయడం నా అలవాటు. ఒకరోజు చూస్తే వరసగా మూడుసార్లు 87,412 అనే రాసి ఉంది. స్పీడు ముల్లు మామూలుగానే లేస్తోంది కాబట్టి అంతవరకు అనుమానమే రాలేదు.

మొదట చూపించిన షాపులో మూడు వేలకు సెకండ్ హ్యాండ్ బోర్డు వేస్తామన్నారు. దాని మీద నలభై ఒక్క వేల చిల్లర ఉంది. ఎవరి కారు తిరిగిన కిలోమీటర్లో అవి! మా కారు కొన్నది నాన్న. అందులో ఉన్న ప్రతి కిలోమీటరూ ఆయనో నేనో నడిపిందే. మనసొప్పక వచ్చేశాను.

తర్వాత విజయనగరంలోనే మీటర్ల పని మాత్రమే చేసే ఒక పెద్దాయన దొరికాడు. కారు కొంచెం ముందుకి నడిపించి ముల్లు చూశాడు. ముల్లు, అంకెలు రెండూ ఆగిపోతే, బండి కదలికను మీటరుకు అందించే కేబుల్ తెగినట్టు. ముల్లు ఆడుతూ అంకెలు ఆగాయంటే కేబుల్ బాగున్నట్టే, లోపం మీటరు లోపలే. విప్పి చూపించాడు. "బోర్డు మార్చక్కర్లేదు బాబూ, ఈ సిన్న పళ్ల చక్రం ఇరిగిపోనాది, అంతే." వేలిగోరంత ప్లాస్టిక్ చక్రం, రెండు పళ్లు లేవు. బండి కదులుతుండగా, ఒక్కో ప్రయాణానికి విడిగా కిలోమీటర్లు చూపించే ట్రిప్ మీటరును బటన్ నొక్కి సున్నా చేస్తే ఇలా అవుతుందట. మా అబ్బాయికి ఆ బటన్ నొక్కే సరదా ఉండేది. చక్రానికి, కూలికి కలిపి ఏడు వందలు తీసుకున్నాడు. అంకెలు ఆగాక కాలిన అరవై లీటర్ల లెక్కన తొమ్మిది వందల కిలోమీటర్లు ఎక్కకుండా పోయాయి. అంకెలు ముందుకి జరపమని అడగలేదు. తేదీ, ఆ తొమ్మిది వందలు సర్వీసు పుస్తకంలో రాసుకున్నాను.

అసలు ఆనందం ఈ మధ్య కలిగింది. మా మీటరుకు అయిదు అంకెలే. శ్రీకాకుళం వెళ్తూ రణస్థలం దాటేసరికి 99,990 అయింది. పక్క సీట్లో నాన్న. మెల్లగా పోనివ్వమన్నారు. చిలకపాలెం వైపు వెళ్తుండగా అయిదు తొమ్మిదులూ ఒక్కసారిగా కదిలి, ఒకదాని వెంట ఒకటి పైకి జరిగి, అన్నీ సున్నాలయ్యాయి. కారు పక్కకి ఆపాను. నాన్న కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. "కొన్నరోజు కూడా ఇలాగే ఉండేది" అన్నారు. ఆ వేరే బోర్డు వేయించి ఉంటే మాకు ఈ రోజు ఉండేది కాదు.

రిపేరైన కొత్తలో "కొత్త మీటరులా ఉంది" అని అందరికీ చెప్పాను. ఆ మాట కొంచెం తగ్గించుకోవాలి. హైవే మీద కిలోమీటరు రాళ్లతో పోల్చితే పది కిలోమీటర్లకు తొమ్మిదిన్నర కన్నా కాస్త ఎక్కువే చూపిస్తోంది. అయితే ఆ తేడా పళ్ల చక్రానిది కాదు. నిరుడు కాస్త పెద్ద సైజు టైర్లు వేయించాను, టైరు తక్కువ చుట్లు తిరిగితే అంకె కూడా తక్కువే ఎక్కుతుంది. పొద్దున్నే బండి తీసినప్పుడు ముల్లు వణుకుతోంది కూడా. కేబుల్‌లో గ్రీజు ఎండిపోయిందనుకుంటున్నాను.

నేను నెలకు నాలుగు వందల కిలోమీటర్లకు మించి తిరగను. రోజూ కిరాయికి తిప్పేవాళ్లకు ఆ చిన్న చక్రం ఇన్నాళ్లు ఆగుతుందో లేదో చెప్పలేను. డిజిటల్ మీటర్లకు ఇది పనికిరాదు, వాటిలో రీడింగు చిప్‌లో ఉంటుంది. ఇలాంటి పాత కారు ఇంట్లో ఉండి, ముల్లు ఆడుతూ అంకెలు ఆగిపోతే మాత్రం బోర్డు మార్చే ముందు ఒకసారి విప్పించి చూడండి.