కాశ్మీర్ టూర్‌లో ‘కొండ మీద చీజ్’ అని అదనంగా డబ్బు అడిగితే ఇవ్వొద్దు

నిన్న రాత్రే ఇల్లు చేరాం. బ్యాగులు ఇంకా విప్పలేదు. ఇది రాసేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

టూర్ వాళ్ల పేరు రాయను. దసరా ముందు వాళ్ల పోస్టరు మన అనంతపురంలో ఎవరి స్టేటస్‌లో చూసినా అదే, మీకే తెలుస్తుంది. శ్రీనగర్, గుల్‌మార్గ్, హౌస్‌బోటు అన్నీ మామూలే, వాటితో నాకు గొడవ లేదు. గొడవంతా సోనామార్గ్ రోజుది. "కొండ మీద గుజ్జర్ల గుడిసెలో ఒక పూట, చీజ్ తయారీ మీ కళ్ల ముందే" అని మనిషికి 6,000 అదనం. గుజ్జర్లంటే ఎనుముల మందలు తోలుకుని కొండలెక్కేవాళ్లు. నాకూ మా ఆవిడకూ కలిపి 12,000. క్యాష్ ఇస్తే జీఎస్టీ తప్పుతుందన్నా అంటే, పెద్ద తెలివైనోడిలా క్యాష్ ఇచ్చాను. రసీదు లేదు, ఏమీ లేదు.

నా మోజంతా కలాడి అనే అక్కడి చీజ్ మీద. పాలలో పులిసిన మజ్జిగ పోసి కర్రతో గిలకొట్టి, విరిగిన ముద్దను చేత్తో వత్తి, ఆకు దొన్నెల్లో బిళ్లలుగా వేసి ఎండలో ఆరబెడతారు. పెనం మీద నూనె చుక్క అక్కర్లేదు, దాని కొవ్వులోనే అది వేగుతుంది. పైన ఎర్రగా, లోపల తీగలా సాగుతుంది. వీడియోలు చూసి చూసి పిచ్చి పట్టింది.

డ్రైవరు రోడ్డు పక్క హోటల్ ముందు ఆపాడు. కొండ మీదికి కాదా అంటే "యహీ హై సార్" అన్నాడు. రేకుల షెడ్డు, గ్యాస్ స్టవ్వు. ఒక కుర్రాడికి ఫిరన్ అనే పొడుగాటి కాశ్మీరీ అంగీ తొడిగి నిలబెట్టారు, దాని కింద జీన్సు ప్యాంటు. గిన్నెలో పాలు కాచి నిమ్మకాయ పిండాడు. అవి విరిగాయి. మా ఆవిడ నా మొహం చూసింది. "పాంచ్ మినిట్" అని లోపలికి పోయి ప్లేటులో గుండ్రటి ముక్కలు తెచ్చి, నూనె పోసిన పెనం మీద వేశాడు.

చేతులు కడుక్కుందామని షెడ్డు వెనక్కి పోయాను. బకెట్ పక్కన అప్పుడే చింపిన ప్లాస్టిక్ కవరు పడుంది. బార్‌కోడు, ఎక్స్‌పైరీ తేదీ, అన్నీ ఉన్నాయి. లోపలి మూలకు తెల్లటి తునక ఒకటి ఇంకా అంటుకునే ఉంది.

అక్కడి నుంచే అనంతపురంలో టూర్ ఆయనకు ఫోన్ చేశాను, స్పీకర్ పెట్టి. ఆయన నవ్వాడండీ. "అన్నా, పాలు విరగ్గొట్టేది చూపించినారు కదా, ఇంకేం కావాల? గొర్రెలు కాసేటోళ్ల మాదిరి ఆ కొండలన్నీ ఎక్కుతారా మీరు?"

గొర్రెలు కాసేటోళ్లంట! మా తాత కాసినాడు, మా మేనమామ కళ్యాణదుర్గం పక్కన ఇప్పటికీ కాస్తాడు. ఆ ఇంట్లో తిని పెరిగినోడితో అనే మాటా అది? డబ్బు పోయినందుకు కాదు, ఆ నవ్వుకు ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

రాత్రి హౌస్‌బోటు పెద్దాయన చెప్పాడు. మేకలతో బకర్వాల్‌లు, ఎనుములతో గుజ్జర్లు ఏప్రిల్, మే నెలల్లో పైకి పోతారు, సెప్టెంబరు, అక్టోబరుకల్లా దిగిపోతారు. మేము పోయింది అక్టోబరు ఆఖరు. పైకి పోయుంటే ఖాళీ గుడిసెలే. పైగా కలాడికి పేరున్నది జమ్మూ వైపు ఉధంపూర్. 2023లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా చోటి సరుకని ఇచ్చే ముద్ర, వచ్చింది కూడా ఉధంపూర్ కలాడికే. మన ఊరి పక్కన పోయే 44వ నంబరు హైవే నేరుగా ఆ ఉధంపూర్ మీదుగానే శ్రీనగర్ పోతుంది. మేమేమో విమానంలో దాని పైనుంచి ఎగిరిపోయాం!

నన్ను నేనే తిట్టుకోవాల్సిందేంటంటే, ఎండాకాలంలో మా మామ ఇంటికి పోయి మందను చూపించమంటే చూపించేది ఖాళీ దొడ్డే. మంద మేత కోసం ఎక్కడెక్కడో చెరువుల కింది పొలాల్లో ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నా. అలాంటిది "ఈ నెలలో వాళ్లు కొండ మీద ఉంటారా?" అన్న ఒక్క ప్రశ్న అడగలేదు.

మీరెవరైనా పోతుంటే ముందు ఏ నెల, ఏ ఊరు అని రాయించుకోండి. క్యాష్ ఇవ్వొద్దు.

ఈరోజు పొద్దున మళ్లీ ఫోన్ చేశాను. ఆ 12,000 వచ్చే ఏడాది ఊటీ ప్యాకేజీలో అడ్జస్ట్ చేస్తాడంట. అక్కడ చాక్లెట్ తయారీ కళ్ల ముందే చూపిస్తాడంట.