ఐపీటీజీనా, అరబినోజా: విషపు ప్రోటీన్‌కి ఏ ప్రమోటర్ మేలు?

వేసవి వచ్చిందంటే అనంతపురం, గుంటూరు వైపు నుంచి ప్రాజెక్టుల కోసం పిల్లలు బెంగళూరు ల్యాబులకు వస్తారు. వాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న: "అక్కా, జీన్‌ని పెట్ వెక్టర్‌లో పెట్టమంటారా, పీబ్యాడ్‌లోనా?" రెండూ జీన్‌ని బ్యాక్టీరియాలోకి మోసుకెళ్లే డీఎన్‌ఏ వలయాలే (ప్లాస్మిడ్లు). జీన్‌ని నడిపే స్విచ్చు, అంటే ప్రమోటర్, పెట్‌లో ఐపీటీజీ అనే రసాయనంతో, పీబ్యాడ్‌లో అరబినోజ్ అనే చక్కెరతో ఆన్ అవుతుంది. చాలా ల్యాబుల్లో అలవాటు కొద్దీ పెట్ అనేస్తారు. నేను మాత్రం ఆ ప్రోటీన్ దాన్ని తయారుచేసే ఈ. కోలై బ్యాక్టీరియాకి హాని చేస్తుందా అని ముందు అడుగుతాను. చేయదంటే పెట్, చేస్తుందంటే పీబ్యాడ్.

దిగుబడిలో పెట్‌కి సాటి లేదు. కుదిరితే కణంలోని మొత్తం ప్రోటీన్‌లో సగం దాకా మనదే ఉంటుంది. శాస్త్రవేత్తలు జాకబ్, మోనో 1961లో వివరించిన ల్యాక్ రెప్రెసర్ అనే అడ్డుపడే ప్రోటీనే ఇక్కడి కాపలా. అది ఆపరేటర్ (తను పట్టుకునే డీఎన్‌ఏ ముక్క) మీద కూర్చున్నంతసేపు జీన్ పలకదు. ఐపీటీజీ వేస్తే ఆకారం మారి డీఎన్‌ఏని వదిలేస్తుంది.

చిక్కల్లా ఐపీటీజీ వేయకముందే వస్తుంది. రెప్రెసర్ అప్పుడప్పుడూ తనంతట తానే పట్టు జారుతుంది. సహజమైన ల్యాక్ ఓపెరాన్‌లో (లాక్టోజ్‌ని వాడుకునే జీన్ల గుంపులో) మూడు ఆపరేటర్లుంటాయి. నాలుగు భాగాల రెప్రెసర్ ఒకేసారి రెండింటిని పట్టుకుని మధ్యలోని డీఎన్‌ఏని మెలిపెడుతుంది, ఒక చోట జారినా పక్కనే ఉంటుంది. టీ7-ల్యాక్ ప్రమోటర్ ఉన్న పెట్ ప్లాస్మిడ్‌లో మన జీన్ ముందున్నది ఒక్క ఆపరేటరే, ఆ మెలిక అక్కడ కుదరదు. దానికి తోడు బ్యాక్టీరియాని పెంచే ఎల్‌బీ ద్రవంలోని ట్రిప్టోన్‌లో ఒక్కోసారి లాక్టోజ్ జాడలుంటాయి, అవే జీన్‌ని లేపగలవు. ఇండక్షన్‌కి (ఐపీటీజీ వేయడానికి) ముందు తీసిన శాంపిల్‌ని ప్రోటీన్లను విడదీసే జెల్ మీద నడిపితే ఆ లేన్‌లోనే మన బ్యాండ్ సన్నగా కనబడుతుంది. మామూలు ప్రోటీన్ అయితే ఫరవాలేదు. విషపుదైతే ప్లేటు మీద సూదిమొన లాంటి కాలనీలు వస్తాయి, లేదా అసలు రావు.

పీబ్యాడ్‌లో తాళం వేసేదీ తీసేదీ ఒక్కటే, ఏరా-సీ ప్రోటీన్. అరబినోజ్ లేనప్పుడు సుమారు 210 బేస్ జతల దూరంలో ఉన్న రెండు చోట్లను పట్టుకుని డీఎన్‌ఏని వలయంలా వంచుతుంది. చక్కెర తగలగానే దూరపు చోటు వదిలి, ప్రమోటర్ పక్కనున్న చోటికి మారి, జీన్‌ని చదివే పాలిమరేజ్‌ని తనే రప్పిస్తుంది. ఇక్కడ అడ్డు తొలిగితే చాలదు, సాయం కూడా అందాలి. అందుకే లీక్ (చక్కెర వేయకముందే జీన్ పలకడం) బాగా తక్కువ. 0.2 శాతం గ్లూకోజ్ కలిపితే క్యాప్ అనే సాయపు ప్రోటీన్ తోడు కూడా పోయి ఇంకా బిగుస్తుంది.

దిగుబడి పెట్ అంత రాదు. అరబినోజ్‌ని తినేయని ఈ. కోలై రకం (స్ట్రెయిన్) కావాలి, టాప్10 సరిపోతుంది. ఇంకో సంగతి: మధ్యస్థ మోతాదు వేస్తే ప్రతి కణమూ సగం సగం పనిచేయదు. కొన్ని పూర్తిగా వెలుగుతాయి, కొన్ని ఆరిపోయే ఉంటాయి, జెల్ మీద మాత్రం అది సగం బ్యాండ్‌లాగే కనిపిస్తుంది. కాబట్టి పెద్ద ఫ్లాస్కుకి వెళ్లేముందు 0.002, 0.02, 0.2 శాతాల అరబినోజ్‌తో మూడు చిన్న గొట్టాలు పెట్టి, ఓడీ (కణాలు ఎంత పెరిగాయో చెప్పే కొలత) ఎక్కడ ఆగిపోతుందో చూసుకోండి.