జె-బ్యాండ్స్ జూనియర్: పిల్లల బేస్‌బాల్ పిచింగ్‌కి కొనొచ్చా?

కొనొచ్చు, కానీ వీటితో పిచింగ్‌లో (బ్యాటర్‌కి బంతి విసరడంలో) బంతి వేగం పెరుగుతుందనుకుని కొనకండి. జేగర్ స్పోర్ట్స్ వాళ్ల ఈ రబ్బరు బ్యాండ్లు అమెరికాలో కాలేజీ జట్ల నుంచి పిల్లల లీగుల దాకా డగౌట్ (ఆటగాళ్లు కూర్చునే చోటు) ఫెన్సులకి వేలాడుతూ కనిపిస్తాయి. వాటి పనల్లా భుజం చుట్టూ ఉండే రొటేటర్ కఫ్ అనే చిన్న కండరాలను విసిరే ముందు వేడెక్కించడం, వాటి సత్తువ నిలపడం. బంతి వదిలేశాక ముందుకి దూసుకుపోయే చేతిని ఆపేది ప్రధానంగా వాటిలో వెనకవైపు ఉన్న కండరాలే.

రెండు ట్యూబులు ఒక చివర ఒకే క్లిప్పుకి కలుస్తాయి, రెండో చివర మణికట్టుకి చుట్టే వెల్క్రో పట్టీలుంటాయి. ధర సుమారు 40 డాలర్లు. హ్యాండిల్ ఉన్న మామూలు ట్యూబ్ ఇంతకంటే చవగ్గా దొరుకుతుంది, మరి తేడా దేనికంటే ఆ పట్టీకే. హ్యాండిల్ ఇస్తే పిల్లాడు పిడికిలి బిగిస్తాడు, ముంజేయి గట్టిపడుతుంది, భుజం చేయాల్సిన పని మోచేతి కింద కండరాలు లాక్కుంటాయి. పట్టీతో వేళ్లు వదులుగా ఉంటాయి. నా లెక్కలో ఎక్కువ పెట్టిన డబ్బుకి ఈ ఒక్కటీ చాలు.

ఎదిగే పిల్లాడు కదా అని బట్టల్లాగా ఒక సైజు పెద్దది తీసుకోవద్దు. పెద్దవాళ్ల ట్యూబ్ మందం, లాగడానికి భుజం చాలదు, పిల్లాడు నడుము తిప్పి లాగేస్తాడు. పన్నెండేళ్ల లోపు వాళ్లకి జూనియరే సరి.

క్లిప్పుని ఫెన్సుకి పిల్లాడి భుజం ఎత్తులో పెట్టండి, మోచేయి పక్కటెముకలకి ఆనించి చేసేవాటికి మాత్రం మోచేయి ఎత్తుకి దించండి. గొలుసు ఫెన్సులో క్లిప్పు జారి కిందికొస్తుంటుంది, అందుకని అడ్డపైపు దగ్గర తగిలించడం మేలు. మొదలుపెట్టేటప్పుడు ట్యూబ్ వేలాడకూడదు, అలాగని బిగుసుకుపోకూడదు.

వ్యాయామాల పట్టిక పొడుగ్గానే ఉంది, పదేళ్ల వాళ్లకి నాలుగైదు చాలు. వాటిలో ముఖ్యమైనది చేతిని బయటికి తిప్పేది. ఫెన్సుకి పక్కగా నిలబడి, పట్టీ ఫెన్సుకి దూరంగా ఉన్న చేతికి కట్టి, మోచేయి 90 డిగ్రీలు మడిచి, చంకకింద మడత పెట్టిన చిన్న తువ్వాలు పెట్టించండి. ముంజేతిని పొట్ట మీంచి బయటికి తిప్పాలి, రెండు మూడు సెకన్లు తీసుకుంటూ వెనక్కి రానివ్వాలి. తువ్వాలు కింద పడిందంటే మోచేయి లేచిందన్నమాట. పిల్లలందరూ చేసే తప్పు వెనక్కి వచ్చేటప్పుడు ట్యూబ్‌ని టప్పున వదిలేయడం. అసలు లాభమంతా ఆ నెమ్మదిగా వదలడంలోనే ఉంది. 10 నుంచి 12 సార్లు, ఒక్క వరస. వణుకు మొదలైతే అక్కడితో ఆపండి. ఇది వేడెక్కడానికే తప్ప అలసిపోవడానికి కాదు. ఫెన్సుకి వీపు పెట్టి విసిరే కదలికను అనుకరించేది ఆఖర్న, తేలిగ్గా చేయించండి; పిల్లలు దాన్ని బలప్రదర్శన చేసేస్తారు.

బ్యాండ్ల తర్వాత 30 అడుగుల దూరంలో మెల్లగా క్యాచ్ (ఒకరికొకరు బంతి విసురుకోవడం) మొదలుపెట్టి 45, 60, వీలైతే 90 అడుగులకి వెళ్లాలి, దూరం పెరిగేకొద్దీ బంతిని ఎత్తుగా వేయనివ్వాలి. చేతికి సత్తువ నిజంగా వచ్చేది ఈ విసరడంతోనే, కాళ్ల బలంతోనే. క్రికెట్ ఆడి పెరిగిన నాన్నలు ఇక్కడ కాస్త జాగ్రత్తగా ఉండాలి. బౌలింగ్‌లో చేయి చాచినట్టుండాలి, పిచింగ్‌లో మోచేయి మడిచి ముంజేయి వెనక్కి వాలుతుంది, ఆ క్షణంలో భారం మోచేతి లోపలి వైపు పడుతుంది. ఎదిగే పిల్లల్లో అక్కడి ఎముక పెరుగుదల పొర స్నాయువుకంటే బలహీనం. అక్కడ నొప్పి అంటే ఆ రోజుకి బంతి పక్కన పెట్టాలి, తగ్గకపోతే డాక్టర్‌కి చూపించాలి. బ్యాండ్ కట్టి నొప్పి పోగొడదామనుకోవద్దు.

ఏ బ్యాండ్ కొన్నా, పిల్లాడు ఎన్ని బంతులు వేశాడన్న లెక్క తప్పితే వృథాయే. మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్‌ఏ బేస్‌బాల్ కలిసి ఇచ్చిన పిచ్ స్మార్ట్ మార్గదర్శకాల ప్రకారం 9, 10 ఏళ్లకి రోజుకి 75 పిచ్‌లు (బ్యాటర్‌కి వేసే బంతులు), 11, 12 ఏళ్లకి 85 మించకూడదు. 14 ఏళ్ల దాకా 66 గానీ అంతకంటే ఎక్కువ గానీ వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి. 12 ఏళ్ల దాకా ఫాస్ట్‌బాల్ (వేగంగా వేసేది), ఛేంజప్ (అదే ఊపుతో నెమ్మదిగా వచ్చేది) చాలు, కర్వ్ (దారిలో వంగేది) వద్దు. పిచింగ్ చేసిన రోజే క్యాచర్‌గా (క్రికెట్‌లో వికెట్‌కీపర్ లాంటి చోట) కూర్చోబెట్టడం కూడా మానుకోండి. ఒకే వారంలో రెండు జట్లకి ఆడే పిల్లల విషయంలో ఒక్కో కోచ్‌కి తన లెక్కే తెలుస్తుంది, మొత్తం రాసుకోవాల్సింది ఇంట్లో వాళ్లే. మామూలు వాటికంటే బరువైన శిక్షణ బంతుల జోలికి ఈ వయసులో వెళ్లనక్కర్లేదు.

లేటెక్స్ పడని పిల్లలుంటే ఇవి కొనేముందు ఆలోచించండి. టెక్సస్ ఎండలో కారు డిక్కీలో వదిలేస్తే రబ్బరు పెళుసవుతుంది. పట్టీలోకి ట్యూబ్ దూరే చోట పగుళ్లున్నాయేమో వారానికోసారి సాగదీసి చూడండి. తెగితే నేరుగా ముఖం మీదికే వస్తుంది. వెల్క్రోలో మట్టి చేరి పట్టు తప్పితే పాత టూత్‌బ్రష్‌తో గీకితే మళ్లీ పట్టుకుంటుంది.