రాచెట్ బెల్టు మంచిదే, నా గొడవంతా దాని హుక్కుతోనే

బెల్టు తెగి బండి పడిపోయిందని ఎవరైనా చెబితే నేను తేలిగ్గా నమ్మను. ఏళ్ల తరబడి ట్రాలీలో మోటారు సైకిళ్లు కట్టి తిప్పుతున్నాను, నా చేతిలో ఒక్క బెల్టూ తెగలేదు. ఊడింది మాత్రం ఉంది. అందుకు కారణం బెల్టు కాదు, దాని కొసన ఎస్ ఆకారంలో వంచి, మూత లేకుండా వదిలేసిన హుక్కు. రాచెట్ బెల్టు అంటే పిడిని ఆడిస్తే పళ్ల చక్రం మీద చుట్టుకుని బిగిసే పట్టీ. దాని గురించి నేను కింద చెప్పే మంచి అంతా ఆ హుక్కును పక్కన పెట్టి చెప్పేదే.

మాకు నల్లగొండలో పాత బండ్ల షాపు ఉంది. హైదరాబాద్‌లో కొన్న బండ్లు తెచ్చుకోవాలి, అమ్మినవి దేవరకొండ, మిర్యాలగూడ వైపు చేర్చాలి, ఊళ్లలో ఆగిపోయిన వాటిని రిపేరుకు ఎత్తుకు రావాలి. చిన్న ట్రాలీ మాదే, నడిపేది మా బామ్మర్ది. బెల్టులు మామూలు 25 మిల్లీమీటర్ల వెడల్పు నారింజ రంగువి. ఎలా ఎక్కించాలి, ఎలా బిగించాలి అన్నది వీడియోల్లో బోలెడంత ఉంది కాబట్టి ఆ జోలికి పోను. గేరులో పెట్టాలనీ, సైడ్ స్టాండు మీద నిలబెట్టి కట్టకూడదనీ అందరికీ తెలుసు. తెలిసి కూడా సైడ్ స్టాండు మీదే కట్టి తీసుకెళ్లేవాళ్లు మా సాగర్ రోడ్డులో రోజూ కనిపిస్తారు, అది వేరే సంగతి.

బెల్టులు రాకముందు అంతా నైలాన్ తాడే. తాడును తక్కువ చేసి మాట్లాడను. మా దగ్గర సామాను దించే ఒక పెద్దాయన లారీవాళ్లు వేసే ముడి వేశాడంటే బండి కదిలేది కాదు. కానీ ఆ ముడి ఆయనకే వచ్చు, ఆయన రోజూ దొరకడు. పైగా నైలాన్ సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది. వానాకాలంలో చిట్యాల దగ్గర ఒకసారి, నార్కట్‌పల్లి దగ్గర ఒకసారి ఆపి మళ్లీ బిగించుకోవాల్సి వచ్చేది. ఒకరు హ్యాండిలు మీద బరువేసి నొక్కితే ఇంకొకరు కట్టాలి. రాచెట్‌తో ఆ పని ఒక్కడే చేసుకోవచ్చు. పిడిని అటూ ఇటూ ఆడిస్తే ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టుకుని స్ప్రింగు మీద ఆడే రాడ్ల జత, దానంతట అదే దిగుతుంది. మొదటి రోజుల్లో ఇంత సుఖం ఎందుకు తెలియలేదా అనిపించింది, కనబడ్డ ప్రతి షాపువాడికీ కొనమని చెప్పాను.

హుక్కు ఊడిన ఆ రోజు ట్రాలీలో ఎడమ పక్క పాత బుల్లెట్, కుడి పక్క స్ప్లెండర్ ఉన్నాయి. 65వ నంబరు జాతీయ రహదారి మీద ఏ ఇబ్బందీ లేదు. పంతంగి టోల్ దాటాక దిగి బెల్టులు తడిమి చూశాను, గట్టిగానే ఉన్నాయి. నార్కట్‌పల్లిలో నల్లగొండ వైపు తిరిగాం. కాస్త దూరం పోయాక ఒక ఊరి మొదట్లో రంగు లేని స్పీడ్ బ్రేకరు వచ్చింది. బామ్మర్ది చూసి బ్రేకు తొక్కేసరికే ముందు చక్రాలు దాని మీద ఉన్నాయి. వెనక నుంచి ధడేలుమని చప్పుడు.

"బావా, బెల్టు తెగిందా?" అన్నాడు ఆపుతూనే.

దిగి చూస్తే బెల్టు పోగు కూడా లేవలేదు. హుక్కు మాత్రం గాల్లో వేలాడుతోంది. బుల్లెట్ పూర్తిగా స్ప్లెండర్ మీద ఒరిగిపోయి, దాని బ్రేకు లివరు కొస స్ప్లెండర్ ట్యాంకులో దిగబడి ఉంది. కార్బొరేటర్‌లో మిగిలిన పెట్రోలు ఓవర్‌ఫ్లో పైపు నుంచి కారుతోంది. పక్కన టీ కొట్టు దగ్గరున్న ఇద్దరు వచ్చి చెయ్యేస్తే గానీ దాన్ని నిలబెట్టలేకపోయాం. బుల్లెట్ 350 అంటే 190 కిలోల దగ్గర బరువు మరి. మరుసటి రోజు దేవరకొండ నుంచి ఒక పంతులుగారు వచ్చి తీసుకెళ్లాల్సిన బండి ఆ స్ప్లెండర్. ట్యాంకు సొట్ట తీయించి రంగు వేయించినా, ఆయన కన్ను నేరుగా అక్కడికే పోయింది. ధర తగ్గించక తప్పలేదు.

ఏం జరిగిందో తరవాత షాపు ముందు ట్రాలీ ఆపి, అదే బుల్లెట్ ఎక్కించి చూసుకున్నాం. ట్రాలీ ఎగిరి పడినప్పుడు బండి బరువంతా ముందు చక్రం మీద పడి ఫోర్కు ఇంకో రెండు అంగుళాలు దిగుతుంది. ఫోర్కు దిగితే హ్యాండిలూ దిగుతుంది, పైన ఎంత గట్టిగా కట్టిన బెల్టయినా ఆ అర క్షణం వదులవుతుంది. బిగువు ఉన్నంతసేపే తెరిచిన హుక్కు పట్టుకుని ఉంటుంది. వదులు దొరికితే తన బరువుకు తానే తిరిగి పైపు నుంచి జారిపోతుంది. ఫోర్కు మళ్లీ లేచేసరికి ఎడమ వైపు పట్టేదేదీ లేదు, కుడి వైపు బెల్టేమో లాగుతూనే ఉంది. బండి ఇంకెటు పడుతుంది? ఒకవైపు ఊడితే రెండో వైపు బెల్టే దాన్ని పడేస్తుంది. తాడు ముడి వేసి కట్టిన రోజుల్లో ఈ బాధ లేదు, వదులైనా ముడి అక్కడే ఉండేది. నాకు అసలు మండింది ఇక్కడే.

అమ్మిన షాపాయన మాత్రం, "బెల్టు తెగలేదు కదా అన్నా, ఇంకాస్త లాగి కట్టాల్సింది" అన్నాడు. ఈ మాట చాలామంది అంటారు. ఇంకాస్త అంటే ఎంత? ఫోర్కు ఇక దిగడానికి చోటు లేనంత లాగితే హుక్కుకు వదులు దొరకదు, నిజమే. కానీ అప్పుడు రోడ్డు దెబ్బ ప్రతిదీ నేరుగా బండి మీదికీ, ట్రాలీ రెయిలింగు మీదికీ పోతుంది. అలా లాగి తెచ్చిన ఒక పల్సర్‌కు దించాక ఫోర్కు రాడ్ల మీద ఆయిల్ తడి కనిపించింది. లోపలి ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీళ్లు అప్పటికే అరిగి ఉండొచ్చు, నేరమంతా బెల్టుదే అనను. ఇప్పుడు మాత్రం ఫోర్కు దిగే దూరంలో సగం కన్నా కాస్త ఎక్కువ దిగేదాకా లాగి ఆపుతున్నాం. రాచెట్‌తో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, ఎక్కడ ఆపాలో చేతికి తెలియదు. ఇంకో పంటి మీద వేద్దాం, ఇంకోటి వేద్దాం అనిపిస్తూనే ఉంటుంది.

మొదట చేసిన చికిత్సకు ఖర్చేమీ కాలేదు. పాత ట్యూబు పట్టీ కోసి హుక్కు నోటికి నాలుగు చుట్లు చుట్టాం. చూడటానికి బాగుండదు గానీ ఆ తరవాత ఊడలేదు. ఆ మీదట స్ప్రింగు లాక్ ఉన్న హుక్కుల సెట్టు తెచ్చాను. వాటితో పాటు ఊరికే ఇచ్చిన మెత్తని లూపులే (రెండు కొసలూ ఉంగరంలా కుట్టిన పట్టీ ముక్కలు) నాకు అన్నిటికన్నా నచ్చాయి, ఎవరూ వాటి గురించి పెద్దగా చెప్పరెందుకో. హుక్కును హ్యాండిలు రాడ్డుకు నేరుగా తగిలిస్తే క్రోము గీసుకుపోతుంది, క్లచ్ కేబుల్ నలుగుతుంది, ఒక్కోసారి హ్యాండిలే తిరిగిపోతుంది. లూపును ఫోర్కు రాడ్లు రెండింటినీ కలిపి పట్టే కింది బిగింపు (మేం టీ అంటాం) చుట్టూ వేసి దానికి హుక్కు తగిలిస్తే ఆ గొడవేమీ లేదు. కొనేవాళ్ల ముందు గీతల్లేని హ్యాండిలు ఉండటం మా వ్యాపారంలో చిన్న విషయం కాదు.

ఒక్కడే కట్టుకోవచ్చు అని పైన అన్నాను. స్ప్లెండర్ లాంటి 110 కిలోల దగ్గర ఉండే బండికి అది నిజమే. బుల్లెట్‌కు మాత్రం రెండో వైపు బెల్టు బిగిసేదాకా ఒకరు పట్టుకుని నిలబడాల్సిందే. ఒకవైపు ఎక్కువ లాగితే అటే ఒరుగుతుంది కాబట్టి అటూ ఇటూ కొంచెం కొంచెంగా బిగించాలి. వెనక చక్రానికి రెండు బెల్టులు లేకుంటే మలుపుల్లో బండి తోక పక్కకు జరుగుతుంది.

స్కూటర్లతో ఇప్పటికీ పడలేకపోతున్నాను. ముందంతా ప్లాస్టిక్కే, బెల్టు ఎక్కడ ఆనినా పలక పగులుతుందని టెన్షన్. గేరులో పెట్టి ఆపుదామంటే స్కూటరుకు ఆ అవకాశం లేదు, బ్రేకు లివరు నొక్కి రబ్బరు పట్టీతో కట్టేస్తున్నాం. లూపును ప్లాస్టిక్కు కిందుగా లోపలి ఇనుప గొట్టం దాకా పంపగలిగితే ఫరవాలేదు, అన్ని మోడళ్లలో చెయ్యి దూరదు.

మరో సంగతి, పెట్టె మీద పెద్ద అక్షరాల్లో వేసే బరువు చాలాసార్లు బెల్టు తెగే బరువు. వాడుకోదగ్గది అందులో మూడో వంతు అనుకోవాలి. మంచి కంపెనీ బెల్టుకు లేబుల్ కుట్టి ఉంటుంది, ఈఎన్ 12195-2 అనే యూరప్ ప్రమాణం ప్రకారం నీలం లేబుల్ ఉంటే పాలిస్టర్, ఆకుపచ్చది నైలాన్, గోధుమ రంగుది పాలీప్రొపిలిన్. సాగడం తక్కువ కాబట్టి నేను పాలిస్టరే చూస్తాను. మా మొదటి సెట్టుకు అసలు లేబులే లేదు. నల్లగొండ ఎండలో ట్రాలీలోనే వదిలేస్తే రెండో వేసవికి నారింజ రంగు వెలిసి, పట్టీ అట్టలా బిరుసెక్కింది. వాటిని తీసి పక్కన పడేశాను. రాచెట్ పళ్లలో దుమ్ము చేరితే పట్టేస్తుంది, ఒక చుక్క ఆయిల్ చాలు. గ్రీజు పూస్తే ఇంకా దుమ్ము అంటుకుంటుంది.

జడ్చర్లలో మా తోడల్లుడు రాచెట్ వద్దే వద్దంటాడు. ఆయన వాడేది పిడి లేకుండా చేత్తో లాగి క్లిప్పు వేసే బెల్టు. ఎక్కువ బిగించి ఏదీ పాడుచేయలేవు, విప్పేటప్పుడు వేళ్లు నలగవు అంటాడు. ఆయన మాట కాదనను, కానీ ఆయన మోసేవి ఎక్కువగా 90 కిలోలు కూడా లేని టీవీఎస్ ఎక్సెల్ బండ్లు. ఆ క్లిప్పు బెల్టులతో బుల్లెట్ కట్టి పాలమూరు నుంచి 44వ నంబరు రహదారి మీద హైదరాబాద్ దాకా పొమ్మంటే నేను పోను.

లాక్ హుక్కులు కొనాలా అంటే, మాకైతే కొన్నందుకు లాభమే. కాకపోతే వాటి నోరు ఇరుకు, మా ట్రాలీ రెయిలింగు పైపుకు పట్టలేదు. నేలకు దగ్గరగా నాలుగు మూలలా రాడ్డు రింగులు వెల్డింగు చేయించాకే పనికొచ్చాయి. ట్రాలీ సొంతం కాబట్టి అది కుదిరింది. కిరాయి బండిలో ఎప్పుడో ఒకసారి బండి పంపేవాళ్లకు ఏ రింగు ఉంటుందో, ఏ పైపు ఉంటుందో ముందే తెలియదు. వాళ్లు మామూలు హుక్కు సెట్టే తీసుకుని, వెంట ట్యూబు పట్టీలు నాలుగు పెట్టుకుంటే నయం.