ఇంటి స్థలం కొనేవారికి హెచ్చరిక: ఈసీలో కనిపించని పక్కింటి డ్రైనేజీ పైపు

గుంటూరులోని ఒక పాత కాలనీలో ఇల్లు కట్టుకోవడానికి ఖాళీ స్థలం కొన్నాము. రిజిస్ట్రేషన్ ముగిసి, ప్లాను మంజూరై, పిల్లర్లకు గుంతలు తవ్విస్తుండగా నైరుతి మూలన పలుగు ఒక పాత స్టోన్‌వేర్ పైపుకు తగిలింది. పైపు పగిలి, చూస్తుండగానే గుంత నిండా నల్లని మురుగు ఊరింది. వెనక ఇంటివారి వీధి మిట్టగానూ, మా ముందు రోడ్డు పల్లంగానూ ఉండడంతో, వారి స్నానాల గది, మరుగుదొడ్డి నీళ్లన్నీ మా స్థలం అడుగుగా ఐమూలగా వచ్చి రోడ్డు మీది డ్రైనేజీలో కలుస్తున్నాయని అప్పుడు తెలిసింది. మురుగు వాటం ఉన్న వైపే పారుతుంది కనుక, ఖాళీ స్థలం పక్కన ఎత్తుపల్లాలు ఇలా ఉన్న ప్రతిచోటా ఈ అనుమానం ఉండాలి.

కొనేముందు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించాము, లింకు డాక్యుమెంట్లు (స్థలం తాలూకు పాత దస్తావేజులు) న్యాయవాదికి చూపించాము. అయితే ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. నోటిమాట మీద ఎవరో ఎప్పుడో వేసుకున్న పైపు అందులోకి ఎక్కదు. ‘ఎట్టి తగాదాలు గాని, ఋణభారములు గాని లేవు’ అని దస్తావేజులో ఉండే వాక్యం రైటర్లు ప్రతి దస్తావేజులోనూ రాసేదే కాబట్టి, దాన్ని చూసి నిశ్చింతగా ఉండకండి.

పొరుగువారు రెండు మాటలు చెబుతున్నారు: పైపు వేసి చాలా ఏళ్లయింది కాబట్టి అది తమ హక్కు అని ఒకటి, స్థలం పాత యజమాని అనుమతితోనే వేసుకున్నామని మరొకటి. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 15వ సెక్షన్ ప్రకారం, శాంతియుతంగా, బహిరంగంగా, హక్కుగా, అంతరాయం లేకుండా 20 ఏళ్లు అనుభవించినట్లు రుజువైతేనే అనుభవం వల్ల ఈజ్‌మెంటు హక్కు, అంటే ఇతరుల స్థలాన్ని ఇలాంటి అవసరానికి వాడుకునే హక్కు, వస్తుంది. అనుమతి తీసుకుని వాడుకున్నది హక్కుగా అనుభవించినట్లు కాదు, అది లైసెన్సు మాత్రమే. లైసెన్సు ఇచ్చిన యజమాని స్థలం అమ్మేస్తే కొన్నవారు ఆ లైసెన్సుకు కట్టుబడనక్కర్లేదని అదే చట్టం 59వ సెక్షన్ చెబుతోంది. అంటే వారి రెండో మాటే మొదటి మాటను దెబ్బతీస్తోంది. అలాగని కేసు సులువని అనుకోకూడదు: అనుమతిని నమ్మి సొంత ఖర్చుతో శాశ్వతమైన పని చేసుకున్నవారి లైసెన్సును రద్దు చేయకుండా 60వ సెక్షన్ కొంత రక్షణ ఇస్తుంది. రెండు స్థలాలూ ఒకప్పుడు ఒకే యజమానివై, తరువాత విడిపోయి ఉంటే 13వ సెక్షన్ కింద, విడిపోయేనాటికే ఉన్న వాడకం కొనసాగాలన్న మరో వాదన వస్తుంది. అందుకే పక్క స్థలం పాత దస్తావేజులు కూడా చూడమని న్యాయవాదిని ప్రత్యేకంగా అడగాలి. మామూలుగా ఎవరూ చూడరు.

ఇక అమ్మినవారి సంగతి. తమకు తెలిసి, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవారు వెల్లడించి తీరాలని ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అంటోంది. మాకు అమ్మినవారు మాత్రం తమకేమీ తెలియదంటున్నారు. తెలుసని నిరూపించాల్సిన భారం ఇప్పుడు మా మీద పడింది. ఈలోగా పని ఆగిపోయింది, పైపు మీద పునాది వేయడానికి ఇంజనీరు ఒప్పుకోవడం లేదు. కోపంతో పైపు మూసేస్తే ఎదురు కేసు మన మీదికే వస్తుందని న్యాయవాది గట్టిగా హెచ్చరించారు.

స్థలం చూడడానికి వెళ్లినప్పుడు ఎండాకాలంలోనూ ఒకే వరుసలో పచ్చగా పెరిగిన గడ్డి, పిచ్చిమొక్కల చాటున ఛాంబర్ మూత, ప్రహరీ అడుగున సిమెంటుతో పూడ్చిన రంధ్రం ఉన్నాయేమో చూడండి. వెనక ఇంటి మురుగు ఎటు పోతోందో ఆ ఇంటివారినే అడగండి; కొనకముందు చాలామంది దాచకుండానే చెబుతారు. మున్సిపాలిటీ వేసిన లైను అయితే దాని నియమాలు వేరు కాబట్టి ఇంజనీరింగ్ విభాగంలో విచారించండి. అగ్రిమెంటులో, భూమి కింద ఇతరుల పైపులు, కేబుళ్లు లేవని, బయటపడితే మళ్లించే ఖర్చు అమ్మినవారే భరించాలని స్పష్టంగా రాయించుకుని, పిల్లర్లు వచ్చే చోట్ల పరీక్ష గుంతలు తవ్వి చూసేదాకా కొంత సొమ్ము ఆపి ఉంచండి. ఆ షరతు రాయడానికి అమ్మేవారు వెనకాడితే అడ్వాన్సు ఇవ్వకండి.