బ్యాండ్ మాస్టరా, వయొలిన్ టీచరా, పట్నం కండక్టరా: పిల్లల వాద్యబృందానికి ఎవరు మేలు?

బడులు తెరిచినప్పటి నుంచి నన్ను అందరూ ఒకే మాట అడుగుతున్నారు. మిర్యాలగూడ నుంచి ఒకరు, దేవరకొండ నుంచి ఇద్దరు, మొన్న వనపర్తి నుంచి ఒక హెడ్మాస్టర్ గారు. "మా దగ్గర పదిహేను మంది పిల్లలు ఏదో ఒకటి వాయిస్తున్నరు సార్. అందరినీ కలిపి కూర్చోబెడదామంటే నడిపించే మనిషి దొరకట్లేడు. ఎవర్ని పెట్టుకుంటే మంచిది?"

నల్లగొండలో మేం ఈ పని మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. ఏడు వయొలిన్లు, నాలుగు వేణువులు, మూడు కీబోర్డులు, రెండు ట్రంపెట్లు, ఒక క్లారినెట్, మృదంగం, తబలా, రెండు సైడ్ డ్రమ్ములు, ఒక డప్పు. మొత్తం ఇరవై రెండు మంది. నేను సంగీతం టీచర్ని కాదు. మా పాప వయొలిన్ నేర్చుకుంటోంది. హాలు తాళంచెవి నా దగ్గర ఉంటుంది కాబట్టి ప్రాక్టీసు మొదలయ్యే ముందే వెళ్లి, అందరూ పోయాక వచ్చేవాణ్ని. అలా మూడు రకాల సార్ల చేతుల్లో ఈ పిల్లలు వాయించడం చివరి బెంచీలో కూర్చొని విన్నాను.

మొదటి ఏడాది వయొలిన్ టీచర్ నడిపించారు. వేలు ఎక్కడ పడాలి, కమాను ఎంత లాగాలి, గాంధారం ఎందుకు తేలిపోతోంది, ఇవన్నీ ఆమెకు తెలిసినంత మాలో ఇంకెవరికీ తెలియవు. ఈ రోజు మా పిల్లలు శ్రుతిలో ఉన్నారంటే అది ఆమె పెట్టిన భిక్షే. చిక్కు వేరే చోట వచ్చింది. మన కచేరీలో కండక్టర్, అంటే ముందు నిలబడి చేతులతో అందర్నీ నడిపించే మనిషి, ఉండడు. పాడేవాళ్లు ముందు నడుస్తారు, వయొలిన్ వాళ్ల వెంట పోతుంది, మృదంగం ఇద్దర్నీ పట్టుకొని ఉంటుంది, తాళం అందరి చేతుల్లోనూ ఉంటుంది. నలుగురు విద్వాంసులకు అది చాలు. ఇరవై రెండు మంది పిల్లలకు చాలదు. ఆకాశవాణి వాళ్లు 1952లో ఢిల్లీలో జాతీయ వాద్యబృందం పెట్టినప్పుడు దాన్ని నడిపించడానికి పండిట్ రవిశంకర్, టి.కె. జయరామ అయ్యర్ లాంటి వాళ్లు కావలసి వచ్చారు. ఆ తర్వాత మన తెలుగు వైణికుడు ఈమని శంకరశాస్త్రి కూడా ఆ పని చేశారు. అంటే మన సంగీతంలోనూ పదిమంది కలిసి వాయించాలంటే ముందు నిలబడే మనిషి కావాలని పెద్దలకు ఎప్పుడో తెలుసు.

మా టీచర్ పిల్లలతో పాటు తానూ వాయించేవారు. వినడానికి ఎంతో బాగుండేది. శివరాత్రికి పానగల్లు గుడి దగ్గర వాయిస్తుండగా ఆమె వయొలిన్ తీగ తెగింది. ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, ఎలాగో నడిచింది. రెండో ఆవర్తనంలో వయొలిన్లు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. చివరికి డప్పు కొట్టే అబ్బాయి ఒక్కడే మిగిలాడు. ఏడాది పొడవునా పిల్లలు ఒకరినొకరు వినలేదనీ, ఆమె వయొలిన్ ఒక్కదాన్నే వింటూ దాని వెనక రవ్వంత ఆలస్యంగా నడిచారనీ ఆ రోజు నాకు అర్థమైంది. తప్పు ఆమెది కాదు. పక్కన కూర్చొని తాను వాయిస్తూ నేర్పడం మన పద్ధతి. ఒక్కొక్కరికి నేర్పడానికి దాన్ని మించింది లేదు. గుంపును నడపడానికి మాత్రం అది సరిపోలేదు.

పట్నం కండక్టర్ రెండో ఏడాది వచ్చారు. పాశ్చాత్య సంగీతం పద్ధతిగా చదువుకున్న మనిషి. హైదరాబాద్ నుంచి నూరు కిలోమీటర్లు, ఆదివారం పొద్దున్నే బస్సు దిగేవారు. కుడిచేత్తో బీట్ వేస్తూ, ఎడమచేత్తో ఎవరు తగ్గాలో ఎవరు లేవాలో చెప్పేవారు. నాలుగు బీట్లకు చెయ్యి కిందికి, లోపలికి, బయటికి, పైకి పోతుంది. మన ఆది తాళం ఎనిమిది అక్షరాలూ అలాంటి రెండు చుట్లలో సరిపోతాయని మొదటి రోజే చూపించారు. మృదంగం అబ్బాయికి అప్పుడే ధైర్యం వచ్చింది.

ఆయన దగ్గర మేం నేర్చుకున్న అసలు విషయం ఊపిరి. పాట మొదలయ్యేది బీట్ కింద పడ్డప్పుడు కాదు, అంతకుముందు చెయ్యి పైకి లేచినప్పుడు. ఎంత వేగం, ఎంత బలం అన్నది ఆ లేచే చెయ్యే చెప్పేస్తుంది. చెయ్యితో పాటు ఆయన ఊపిరి తీసుకునేవారు. ట్రంపెట్ పిల్లలు ఆయనతో పాటు తీసుకునేవారు. కొన్నాళ్లకు వయొలిన్ పిల్లలు, కీబోర్డు పిల్లలు కూడా. ఇరవై రెండు మంది ఒక్కసారి ఊపిరి పీల్చడం విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

కానీ ఆయన వారానికి ఒక్కరోజే వచ్చేవారు. ప్రతి ఆదివారం మొదటి నలభై నిమిషాలు పోయిన వారం చెప్పింది గుర్తు చేయడానికే అయిపోయేవి. మిగతా ఆరు రోజులు పిల్లలు ఎవరి ఇంట్లో వాళ్లు, ఎవరి వేగంతో వాళ్లు. పైగా ఆయన నొటేషన్ చూసి చెబుతారు, మా పిల్లల్లో అది చదవగలిగింది ఐదుగురే. నాలుగు నెలల తర్వాత రానుపోను ఆయనకు కష్టమైంది, ఖర్చు మాకు కష్టమైంది.

పిల్లల ఆర్కెస్ట్రాలకు పేరు తెచ్చిన వాళ్లను చూస్తే నాకు ముందు కనబడేది వాళ్లు ఒక్కచోట ఎన్నేళ్లు పాతుకుపోయారన్నది. బొంబాయి వయొలిన్ విద్వాంసుడు, పేరున్న కండక్టర్ జుబిన్ మెహతా తండ్రి మెహ్లీ మెహతా 1964లో లాస్ ఏంజిలిస్‌లో అమెరికన్ యూత్ సింఫనీ పెట్టి ముప్పై ఏళ్లకు పైగా తానే నడిపారు. వెనిజులాలో హోసే ఆంటోనియో అబ్రేయూ 1975లో గుప్పెడు మంది పిల్లలతో మొదలుపెట్టి, 2018లో చనిపోయేదాకా అదే పనిలో ఉన్నారు. అక్కడ వయొలిన్ పట్టిన గుస్తావో డుడామెల్ 1999లో, పద్దెనిమిదేళ్లకే, ఆ దేశపు యువ ఆర్కెస్ట్రాను నడిపించడం మొదలుపెట్టాడు. అలాంటి పిల్లవాడు తయారు కావాలంటే వారం మధ్యలో కూడా పక్కన ఉండే సారు కావాలి.

మూడోది బ్యాండ్ మాస్టర్. వీళ్లలో రెండు రకాలు. పోలీసు బ్యాండులో చేసి రిటైరైన వాళ్లు, పెళ్లి బ్యాండ్లు నడిపేవాళ్లు. పెళ్లి బ్యాండు మాస్టర్లలో మంచి చెవి ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు, ఒక్కసారి వింటే క్లారినెట్ మీద పలికించేస్తారు. మాఘం, వైశాఖం వచ్చాయంటే మాత్రం వాళ్లు మీకు దొరకరు, వాళ్ల బతుకుతెరువు అది. మాకు దొరికింది పోలీసు బ్యాండులో చేసిన సారు, ఉండేది మా నల్లగొండ రామగిరిలోనే. వారానికి మూడు సాయంత్రాలు వస్తారు, ఇప్పటికీ ఆయనే.

ఆయన మొదటి రోజే ఒక ముడి విప్పారు. కీబోర్డులో 'సి' అనే స్వరం నొక్కి, ట్రంపెట్‌లో కూడా 'సి' ఊదితే రెండూ కలవవు. ట్రంపెట్, క్లారినెట్ వాళ్లు 'సి' అనుకుని ఊదేది నిజానికి బీ ఫ్లాట్ అనే వేరే స్వరం, మన లెక్కలో ఆరున్నర శ్రుతి. ఏడాదిన్నరగా ఆ ముగ్గురు పిల్లలకూ శ్రుతి జ్ఞానం లేదని మేమంతా అనుకున్నాం. వాళ్ల తప్పే లేదు. ఆ రోజు క్లారినెట్ పాప ముఖం నేను మర్చిపోలేను.

ఆయనకున్న లోటు కూడా చెప్పాలి. బ్యాండు బయట ఎండలో, పరేడ్ గ్రౌండులో వాయించే వాద్యం, శబ్దం తగ్గించి వాయించడం ఆ అలవాటులో లేదు. మొదటి మూడు నెలలు మా పిల్లలు ఏది వాయించినా జనవరి 26 నాటి కవాతులాగే ఉండేది. వేణువులు అసలు వినపడేవి కావు. ఏదైనా తప్పు పోతే ఆయన చెయ్యెత్తి ఆపి "మళ్లీ!" అనేవారు. పిల్లలు మళ్లీ వాయించేవారు, మళ్లీ అక్కడే తప్పు.

నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇక్కడే ఉంది. సారు ఏం చదువుకున్నారు, ఏ వాద్యం వాయిస్తారు, ఎక్కడి నుంచి వస్తారు, ఇవన్నీ తర్వాత. పిల్లల్ని ఆపిన తర్వాత మొదటి నిమిషంలో ఆయన ఏం చేస్తారో చూడండి. "మళ్లీ" అంటే అది నేర్పడం కాదు. ఎవరు తప్పారో పిల్లలకు తెలియదు, తప్పింది తామేనేమోనని బాగా వాయించిన వాళ్లు కూడా బెదిరిపోతారు. "రెండో వరుస వయొలిన్లు, తాళంలో ద్రుతం భాగం దగ్గర తొందర పడుతున్నరు, మీ నలుగురే ఒకసారి వాయించండి, మిగతావాళ్లు తాళం వేయండి" అంటే అది నేర్పడం. అలా చెప్పాలంటే ముందు ఆయనకు వినపడాలి. తన చేతిలో వాద్యం మోగుతున్నప్పుడు ఇరవై రెండు మందిలో నాలుగో వయొలిన్ ఏం చేస్తోందో ఎంత గొప్పవాళ్లకైనా వినపడటం కష్టం. చేతులు ఖాళీగా ఉన్న సారుకు వినడం తప్ప వేరే పని లేదు.

మా ఊళ్లో చిన్నప్పుడు కోలాటం గురువును చూసేవాణ్ని. కొత్త అడుగు నేర్పేటప్పుడు ఆయన కోలలు చంకలో పెట్టుకునేవాడు. వలయం లోపల తిరుగుతూ కాళ్లకేసి చూసేవాడు. తప్పిన జత దగ్గర ఆగి, ఆ ఇద్దరితోనే నాలుగుసార్లు వేయించి, ఈల వేసి అందర్నీ కలిపేవాడు. పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాల్లో వయొలిన్లను విడిగా, ఊదే వాద్యాలను విడిగా కూర్చోబెట్టి నేర్పి ఆ తర్వాత కలుపుతారు. మా కోలాటం గురువు చేసింది ఆ పనే.

మా బ్యాండ్ మాస్టర్ మారింది ఎలాగంటే, ఒక సాయంత్రం కరెంటు పోయింది. కీబోర్డులు ఆగిపోయాయి. చీకట్లో సైడ్ డ్రమ్ములు పక్కన పెట్టించి, "వాయించకండి, నోటితో పాడండి" అన్నారాయన. పిల్లలు పాడారు. ఆయన వరుసల మధ్య నడుస్తూ ఒక్కొక్కరి దగ్గర వంగి విన్నారు. మూడో వరుసలో చివర కూర్చునే పాప దగ్గర చాలాసేపు ఆగారు. ఆ పాప అన్ని రోజులుగా కమాను తీగకు తగలకుండా ఆడిస్తూ వాయిస్తున్నట్టు కూర్చుంటోందని అప్పుడు తెలిసింది. ఆయన కోప్పడలేదు. మర్నాటి నుంచి ఆ పాపను ముందు వరుసలోకి తెచ్చి, మొదటి నాలుగు స్వరాలు మాత్రమే వాయించమన్నారు. వారానికి ఇంకో నాలుగు. ఇప్పుడు ఆ పాప పాటంతా వాయిస్తుంది. ఆ సాయంత్రం తర్వాత ఆయన నోట "మళ్లీ" అన్న మాట ఒంటరిగా రాలేదు. ఎవరు, ఎక్కడ, ఎందుకు అన్నది ముందు వచ్చేది.

ఏ పాట ఎంచుకుంటారన్నది కూడా సారును పట్టి చూపిస్తుంది. మొదటి నెలలోనే సినిమా పాట ఎత్తుకునే సారు కార్యక్రమం గురించి ఆలోచిస్తున్నట్టు. మాకు అన్నిటికంటే పనికొచ్చినవి ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వరాలు. ఇంగ్లీషు బ్యాండు వరసలు విని వాటికి ఆయన సంస్కృతంలో సాహిత్యం కూర్చారు. శంకరాభరణం రాగం స్వరాలే, గమకాలు, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, ఉండవు. గమకం ఒక్కరు వాయిస్తే అందం. ఏడుగురు పిల్లలు ఏడు రకాలుగా ఊపితే శ్రుతి చెదిరిపోతుంది. కీబోర్డుకు, ట్రంపెట్‌కు గమకం ఎలాగూ కుదరదు. అందుకే 'శక్తి సహిత గణపతిం' మా ఇరవై రెండు మందికీ సరిపోయింది. బ్యాండ్ మాస్టర్‌కు ఆ నడక తెలిసిందే, వయొలిన్ టీచర్‌కు ఆ సాహిత్యం తెలిసిందే. ఇద్దరూ కలిసి పనిచేయడం మొదలైంది ఆ పాటతోనే.

ఇంకో రెండు దారులు కూడా అడుగుతున్నారు. కీబోర్డులో రిథమ్ పెట్టి, లేదంటే ఫోన్లో టిక్ టిక్ పెట్టి సారు లేకుండా నడపొచ్చా అని. ఇంట్లో ఒక్కరే సాధన చేయడానికి మంచిదే, గుంపుకు వద్దు. పిల్లవాడు తడబడితే ఆ యంత్రం ఆగదు. పెద్ద పిల్లల్లో ఒకరికి అప్పగించొచ్చా అంటే, ఒక వరుసను అప్పగించొచ్చు, మొత్తం బృందాన్ని కాదు.

కాబట్టి మీ ఊళ్లో ఉండే బ్యాండ్ మాస్టర్ వైపే నేను మొగ్గుతాను, వినే మనిషి అయితేనే. వయొలిన్ టీచర్‌ను వదులుకోకండి, విడి వరుసలకు ఆమె నేర్పాలి. ఆమే వయొలిన్ కింద పెట్టి ముందు నిలబడటానికి సిద్ధమైతే ఇంకా మంచిది, ఆమెకే ఇవ్వండి. పట్నం కండక్టర్‌ను ఏడాదికి రెండుసార్లు, రెండేసి రోజులు పిలిపించుకోండి. పిల్లలతో పాటు మీ సారు కూడా ఆ రెండు రోజులూ కూర్చొని చూడాలి.

ఎవర్ని మాట్లాడుకున్నా, మాట ఇచ్చే ముందు ఒక సాయంత్రం వాళ్లు నేర్పే చోటికి వెళ్లి వెనక కూర్చోండి. జీతం మాత్రం నెలకింత అని మాట్లాడండి, కార్యక్రమానికి ఇంత అని కాదు. కార్యక్రమానికి ఇంత అంటే ఆయనకు బాగా వాయించే ఐదుగురు పిల్లలు చాలు. మూడో వరుస చివర కూర్చున్న పాప దగ్గర ఆగడానికి తీరిక ఉండదు.